ఫీజు చెక్కు ఏ బడికి?

ఏటా వేసవి సెలవులు ముగిసేలోపు మా కార్యాలయానికి విద్యా సహాయం కోరుతూ దరఖాస్తులు వస్తాయి. దరఖాస్తులో 'చదువుతున్న బడి' అనే గడి ఒకటుంది. ఒకప్పుడు ఆ గడిలో మున్సిపల్ హైస్కూలు, జిల్లా పరిషత్ హైస్కూలు, ఉర్దూ ప్రాథమిక పాఠశాల అన్న పేర్లే ఎక్కువగా కనిపించేవి. ఇప్పుడు చాలావరకు కాన్వెంట్ల పేర్లు. అడిగే సాయం కూడా మారింది. అప్పుడు నోటు పుస్తకాలు, యూనిఫారం గుడ్డ అడిగేవారు. ఇప్పుడు ఫీజు బకాయి కట్టమంటున్నారు.

కిందటి సమావేశంలో ఈ సంగతి మీద మా కమిటీలో గట్టి వాదమే జరిగింది. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన, "దాతలు నమ్మి ఇచ్చిన సొమ్ము తీసుకెళ్ళి ప్రైవేటు యాజమాన్యం చేతిలో పోయడమేమిటి? ఉచితంగా చదువు చెప్పే బడి వీధి చివరే ఉందిగా" అన్నారు. దానికి ఒక యువ సభ్యుడు, "జనాబ్, మీ మనవళ్ళు ఏ బడిలో ఉన్నారు?" అని అడిగాడు. పెద్దాయన నవ్వేశారు గానీ, మిగిలినవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నిజం చెప్పాలంటే మా కమిటీ సభ్యుల పిల్లల్లో ఒక్కరూ ప్రభుత్వ బడిలో లేరు. మన పిల్లలకు పనికిరాదనుకున్న బడికి పేదవాడి పిల్లను వెళ్ళమని ఏ నోటితో చెప్తాం? అలాగని ఫీజు కట్టి చేతులు దులుపుకుంటే ఆ పిల్లకు మేలు జరిగినట్లేనా? దాతలకు లెక్క చెప్పవలసినవాళ్ళం కాబట్టి, ఈ విషయంలో తెలిసినంతవరకు చదివి, ఆలోచించి ఈ వ్యాసం రాస్తున్నాం.

ఈ వాదం మన పేటలో పుట్టింది కాదు. ప్రభుత్వమే బడులు నడపడం కన్నా తల్లిదండ్రుల చేతికి వోచరు ఇచ్చి నచ్చిన బడి ఎంచుకోమనడం మేలని అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లోనే రాశాడు. బడులు పిల్లల కోసం పోటీ పడతాయి, పోటీలో నాణ్యత పెరుగుతుంది అన్నది ఆయన వాదన. చిలీ దేశం 1981లో దాన్ని దేశమంతటా అమలు చేసింది. వేలాది కుటుంబాలు ప్రభుత్వ బడులు వదిలి ప్రైవేటు బడులకు మారాయి. తరువాత షే, ఉర్కియోలా అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2006లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, ప్రైవేటు బడులు బాగా పెరిగిన చోట్ల సగటు చదువు మెరుగుపడిన దాఖలా వారికి కనబడలేదు. కాస్త స్తోమత ఉన్న పిల్లలు ఒకవైపు, లేనివారు ఒకవైపు విడిపోవడం మాత్రం కనబడింది. ఇది చిలీ మాట. మనకు మన గడ్డమీద జరిగిన పరీక్షే ఒకటుంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో చేసిందీ మా సంఘం చేస్తున్నదీ దాదాపు ఒకే పని.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయిదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో 2008 నుంచి నాలుగేళ్ళ పాటు ఒక ప్రయోగం జరిగింది. పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. అంగన్‌వాడీల్లోనూ ప్రభుత్వ బడుల్లోనూ ఉన్న చిన్నపిల్లల తల్లిదండ్రుల నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. ముందు గ్రామాలకు లాటరీ తీసి సగం గ్రామాలను ఎంచారు. ఆ గ్రామాల్లో దరఖాస్తు పెట్టిన పిల్లలకు మళ్ళీ లాటరీ తీశారు. పేరు వచ్చిన పిల్ల ఊళ్ళోని ప్రైవేటు బడిలో చేరితే ఫీజు, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు అన్నీ పథకమే భరిస్తుంది. రెండుసార్లు లాటరీ ఎందుకంటే, పేరు వచ్చిన పిల్లనూ రాని పిల్లనూ పోల్చడంతో సరిపోదు. పిల్లలు కొందరు వెళ్ళిపోయాక ప్రభుత్వ బడిలో మిగిలినవాళ్ళకు నష్టం కలిగిందా అన్నది కూడా తెలియాలి. అందుకు పథకం అసలే లేని గ్రామాలతో పోల్చి చూడాలి.

మామూలుగా ప్రైవేటు బడి పిల్లలకు మార్కులు ఎక్కువ వస్తున్నాయని మనం అంటుంటాం. అక్కడ చదివేది ఎవరి పిల్లలు? చదువుకున్న తల్లి, కాస్త రాబడి ఉన్న తండ్రి, ఇంట్లో ట్యూషను. ఆ మార్కుల్లో ఇంటి వాటా ఎంత, బడి వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. లాటరీ ఆ చిక్కును తీర్చింది. ఒకే రకం ఇళ్ళ పిల్లలు, అదృష్టం కొద్దీ కొందరు కాన్వెంటుకు వెళ్ళారు, కొందరు సర్కారు బడిలోనే ఉన్నారు.

నాలుగేళ్ళ తరువాత తెలుగులో, లెక్కల్లో ఇద్దరికీ తేడా లేదు. ఇంగ్లీషులో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. హిందీలో మాత్రం కాన్వెంటు పిల్లలు బాగా ముందున్నారు. అక్కడి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పరు, ప్రైవేటులో చెప్తారు. ఇంతవరకు విన్న మన రిటైర్డు హెడ్మాస్టరుగారు "చూశారా!" అన్నారు. అయితే ఫలితంలో రెండో సగం కూడా ఉంది. ఆ ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్లపై అయ్యే ఖర్చు ప్రభుత్వ బడిలో అయ్యే ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అక్కడి టీచర్లకు శిక్షణ తక్కువ, జీతం ప్రభుత్వ టీచరు జీతంలో ఆరో వంతు కన్నా తక్కువ. అయినా గైర్హాజరు తక్కువ, బడి గంటలు ఎక్కువ. తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి కూడా ప్రభుత్వ బడితో సమానంగా నేర్పి, మిగిలిన సమయంలో హిందీ, ఇంగ్లీషు, ఇతర విషయాలు చెప్పారు. ప్రభుత్వ బడిలో మిగిలిన పిల్లలకు నష్టమేమీ కనబడలేదు. ఈసారి యువ సభ్యుడు "చూశారా!" అన్నాడు. 2015లో ప్రచురితమైన ఈ అధ్యయనాన్ని అటువారూ ఇటువారూ ఎవరికి కావలసిన ముక్క వారు చూపించుకుంటూనే ఉన్నారు.

మా దృష్టిలో దాతలు గుర్తుంచుకోవలసిన విషయం అందులో ఇంకొకటుంది. పరిశోధకులే దాన్ని ఖాయంగా చెప్పకుండా, సూచనగా మాత్రమే చెప్పారు. తెలుగు మీడియం ప్రైవేటు బడికి మారిన పిల్లలు లాభపడినట్లు, ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంకు మారినవారు ఇతర విషయాల్లో వెనకబడినట్లు కనిపించింది. మన ఇళ్ళ సంగతి ఇంకా జటిలం. కొన్ని ఇళ్ళలో అమ్మీ మాట్లాడేది ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. నూర్‌బాషా కుటుంబాల్లో ఇంటి భాషే తెలుగు. 'ఇంగ్లీషు మీడియం' బోర్డు చూసి ఫీజు కట్టేముందు, ఆ పిల్ల ఏ భాషలో ఆలోచిస్తుందో, ఆ బడి టీచరుకు ఏ భాష నిజంగా వచ్చో అడిగినవాళ్ళం కాదు. మేమూ అడగలేదు. మా దరఖాస్తులో అసలు ఆ గడే లేదు.

అయితే తల్లిదండ్రులు మోజు కొద్దీ పరుగెడుతున్నారని అనడం న్యాయం కాదు. బట్టలు కుట్టి ఇల్లు నడిపే ఒక ఆపా నాలుగో తరగతి చదువుతున్న కూతురి ఫీజు కోసం రెండేళ్ళ క్రితం మా దగ్గరికి వచ్చింది. "ఇంటి పక్కనే సర్కారు బడి ఉందిగా ఆపా" అన్నాం. ఆమె మా వైపు చూసి, "భాయీసాబ్, అక్కడ అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లు. ఒకరు సెలవు పెడితే అందరూ ఒక్క గదిలోనే. పలక మీద ఆ అమ్మాయి ఏం రాసిందో చూసే తీరిక ఎవరికుంటుంది? నేను రాత్రి పన్నెండు దాకా మిషను తొక్కేది అందుకా?" అంది. మేము వెళ్ళి చూశాం. ఆమె చెప్పింది నిజమే. ప్రాథమిక బడిలో ముప్పై మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్తుంది. ఆ లెక్కకు బడి సరిపోవచ్చు. తరగతికొక టీచరు కావాలన్న తల్లి లెక్కకు సరిపోదు. ఉర్దూ మీడియం బడుల్లో టీచరు పోస్టులు ఏళ్ళ తరబడి భర్తీ కాకపోవడం మన సముదాయానికి పాత గాయం. దాని గురించి వినతిపత్రాలు ఇచ్చి ఇచ్చి అలసిపోయినవాళ్ళు ఈ సంచిక పాఠకుల్లోనే ఉన్నారు.

ముస్లిం పిల్లలంతా మదరసాల్లోనే చదువుతారన్న అపోహ బయట బాగా ఉంది. సచార్ కమిటీ 2006 నివేదికలోనే ఆ మాట తేలిపోయింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాకు వెళ్ళేవారు నూటికి నలుగురికి మించరని, 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు అసలు బడి ముఖమే చూడనివారో మధ్యలో మానేసినవారో అని ఆ నివేదిక చెప్పింది. మన తల్లులు కోరేది అందరు తల్లులూ కోరేదే. హైదరాబాద్ పాతబస్తీ దీనికి మంచి సాక్ష్యం. బ్రిటిష్ పరిశోధకుడు జేమ్స్ టూలీ 2000 ప్రాంతంలో చార్మినార్ పరిసరాల గల్లీల్లో తిరిగి, తరువాత తన బృందంతో బండ్లగూడ, బహదూర్‌పురా, చార్మినార్ మండలాల్లో బడులన్నీ లెక్కించాడు. 918 బడులు తేలాయి. వాటిలో ప్రభుత్వ బడులు మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. మిగిలినవాటిలో చాలావరకు సర్కారు సాయం లేకుండా, ఇళ్ళలోనూ షెడ్లలోనూ నడిచే చిన్న బడులు. గుర్తింపు లేనివే చాలా ఉన్నాయి. రిక్షా తొక్కేవాళ్ళు, కూలీలు, చిన్న దుకాణదారులు ఫీజు కట్టి తమ పిల్లలను అక్కడ చదివించుకుంటున్నారు. తండ్రి లేని పిల్లలకు, బొత్తిగా లేనివారికి ఆ బడుల యజమానులే ఫీజు తగ్గించడం, మాఫీ చేయడం కూడా ఆయన చూశాడు. 2009లో వచ్చిన తన పుస్తకంలో ఈ బడులను ఆయన బాగా మెచ్చుకున్నాడు. ఆయన మెప్పు కొంత ఎక్కువైందని మాకు అనిపిస్తుంది. గుర్తింపు లేని బడిలో చదివిన పిల్ల పదో తరగతి పరీక్షకు మరో బడి పేరుతో కూర్చోవలసి వస్తుంది. ఆ తిప్పలు పడిన కుటుంబాలు మాకు తెలుసు.

ఇక చట్టం సంగతి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో 12వ సెక్షను ఉంది. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడి కూడా ఒకటో తరగతిలో కనీసం నాలుగో వంతు సీట్లు చుట్టుపక్కల పేద, అణగారిన వర్గాల పిల్లలకు ఇచ్చి ఎనిమిదో తరగతి దాకా ఉచితంగా చదివించాలి. ఖర్చును ప్రభుత్వం ఒక హద్దు వరకు బడికి తిరిగి ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్ల ప్రవేశాలు 2022–23లో గానీ మొదలు కాలేదు. చట్టం వచ్చాక పన్నెండేళ్ళకు! ఈ సీటుకు దరఖాస్తు పెట్టవచ్చని మా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామందికి తెలియదు. మేము చెప్పవలసింది, చెప్పలేదు.

ఇందులో మనకు మింగుడుపడని విషయం ఒకటుంది. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఈ సెక్షను చెల్లుతుందని చెబుతూనే, సాయం పొందని మైనారిటీ బడులకు వర్తించదంది. 2014 మే 6న ప్రమతి కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఈ చట్టమే మైనారిటీ బడులకు వర్తించదని తీర్పు చెప్పింది. 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలను నెలకొల్పుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు విలువైనది, దాన్ని కాపాడుకోవలసిందే. కానీ దాని ఫలితం ఆచరణలో ఎలా ఉందో చూడండి. పక్కవీధిలో ఇతరులు నడిపే కాన్వెంటు మన పేటలోని పేద పిల్లకు చట్టం ప్రకారం సీటు ఇవ్వాలి. మనవాళ్ళు నడిపే కాన్వెంటు ఇవ్వనక్కరలేదు. చట్టం అడగకపోయినా ఇస్తున్న మైనారిటీ బడులు ఉన్నాయి, వారికి మా సలాములు. ఇవ్వని యాజమాన్యాల్లో కొందరు మన సంఘానికి పెద్ద దాతలు కూడా. వారు ఇచ్చే చందాలో కొంత, మేము కట్టే ఫీజు రూపంలో మళ్ళీ వారి బడికే చేరుతోంది. ఈ మాట రాయవద్దని మాలో ఒకరు అన్నారు. రాయాలని మిగిలినవారు అన్నారు.

ప్రభుత్వ బడి వదిలినప్పుడు పోయేవేమిటో కూడా ముందే లెక్క వేసుకోవాలి. మధ్యాహ్న భోజనం, పాఠ్యపుస్తకాలు, యూనిఫారం పోతాయన్నది అందరికీ తెలిసిందే. తెలియనివి రెండున్నాయి. కేంద్రం ఇచ్చే ఎన్ఎంఎంఎస్ ఉపకార వేతనానికి ఎనిమిదో తరగతిలో పరీక్ష పెడతారు. నెగ్గినవారికి తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలకు మించకూడదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే రాయాలి. కాన్వెంటు పిల్ల ఎంత పేదదైనా అర్హురాలు కాదు. రెండోది, 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీల్లో ప్రవేశం. నూజివీడు, ఇడుపులపాయ, బాసర క్యాంపస్‌లకు పదో తరగతి మార్కుల మీదే ఎంపిక జరుగుతుంది. వసతి లేని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి అదనపు వెయిటేజీ కలుపుతారు. చురుకైన పేద పిల్లను ఫీజు కట్టి కాన్వెంటులో చేర్చడం వల్ల ఈ రెండు తలుపులూ మేమే మూసేస్తున్నామేమో అన్న సందేహం మమ్మల్ని వదలడం లేదు. తెలంగాణలోనైతే మూడో దారి కూడా ఉంది. 2016లో 71 బడులతో మొదలైన మైనారిటీ గురుకులాలు తరువాత 204కు పెరిగాయి. అయిదో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం, చదువు, వసతి, భోజనం అన్నీ ఉచితం. ఆడపిల్లను హాస్టలుకు పంపడానికి ఇష్టపడని ఇళ్ళకు ఆ దారి ఉన్నా లేనట్టే.

డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందన్నది మన సంఘానికి ప్రత్యేకమైన ప్రశ్న. జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి సొంతం కావాలి. హనఫీ ఫిఖ్హ్‌లో దీన్నే తమ్లీక్ అంటారు. కాబట్టి జకాత్‌తో సర్కారు బడికి ప్రహరీగోడ కట్టలేం, టీచరుకు జీతం ఇవ్వలేం. అర్హురాలైన తల్లి చేతికి ఇచ్చి ఆమె ద్వారా ఫీజు కట్టించగలం. చాలా సంఘాల్లో విద్యా సహాయమంటే ఫీజు సహాయంగానే మిగిలిపోవడానికి ఇదొక కారణం. బడిని బాగుచేసే పనికి సదఖా, సాధారణ విరాళాలు కావాలి. అవి మాకు తక్కువ వస్తాయి. రమజాన్‌లో జకాత్ నిండుగా వస్తుంది, తక్కిన పదకొండు నెలలు సాధారణ పద్దు ఎండిపోయి ఉంటుంది. దాతలను మేము అడిగేది ఒక్కటే: జకాత్ రసీదుతోపాటు చిన్నదైనా సరే, సాధారణ నిధికి ఒక రసీదు రాయించండి.

ఆ నిధితో ఏం చేస్తామంటే, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సాయంత్రం పూట ఎన్ఎంఎంఎస్ పరీక్షకు తయారీ మొదలుపెడతాం. సర్కారు బడి పిల్లలకే అది పనికొస్తుంది, వారికే పెడతాం. చదవడం, లెక్కలు సరిగా రాని చిన్నపిల్లలకు విడిగా ఒక గంట ఉంటుంది, అక్కడ ఏ బడి అని అడగం. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. మన ఆపాల్లో కొందరు ఆ కమిటీల్లో పేరుకు సభ్యులు, సంతకం కోసం కాగితం ఇంటికే వస్తుంది. సమావేశానికి వెళ్ళి టీచరు ఎందుకు రాలేదని అడగడానికి వారికి ఒక తోడు కావాలి, అంతే. కాన్వెంటులో అలా అడిగే కమిటీయే ఉండదు, ఫీజు కడుతున్నా సరే.

ఫీజు సహాయం ఆపెయ్యాలని పెద్దాయన ఇంకా అంటూనే ఉన్నారు. మేము ఆపలేదు. చదువు మధ్యలో ఉన్న పిల్లకు ఆపడం క్రూరం. అయితే కొత్త దరఖాస్తులకు ముందు తల్లిగానీ తండ్రిగానీ రెండు బడులూ వెళ్ళి చూసి రావాలని, 25 శాతం సీటుకు అర్హత ఉందేమో మేమే పరిశీలించాలని అనుకున్నాం.

పైన చెప్పిన ఆపా కూతురు ఇప్పుడు అయిదు పూర్తి చేసింది. బకాయి తీరేదాకా టీసీ ఇవ్వమని ఆ బడివారు అన్నారు. చట్టం అయిదో సెక్షనులో టీసీ వెంటనే ఇవ్వాలని ఉంది, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం మానకూడదని కూడా ఉంది. ఆ ముక్క రాసిన కాగితం తీసుకుని మా సభ్యులు ఇద్దరు వెళ్ళి మర్యాదగా మాట్లాడితే టీసీ వచ్చింది. బకాయిలో సగం మేము కట్టాం, మిగిలినది ఆపా నెలనెలా కడుతోంది. ఆరో తరగతికి మున్సిపల్ హైస్కూలు ఉంది. అక్కడ సబ్జెక్టుకొక టీచరు ఉన్నారని విన్నాం. ఆపా నమ్మలేదు. బడి తెరిచిన వారం స్వయంగా వెళ్ళి టైంటేబులు చూస్తానంది. మా కమిటీలోని ఒక సోదరి ఆమె వెంట వెళ్తోంది. దరఖాస్తులో బడి పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది.